రాడార్ కాపరికి మంచెయు, కూడును

పొలము కాచువాని కన్నులు ఎంత చురుకైనవైనను, మంచె లేనిదే చేను నాలుగు మూలలును కనబడదు. మంచె ఎంత ఎత్తైనదైనను, కాపరి కడుపునకు కూడు లేనిచో మూడవ జామున కునుకు పట్టక మానదు. ఆ కునుకులోనే అడవిపందులు చేనిలో పడును. మన పల్లెలలో పిల్లలు సైతము ఎరిగిన ఈ చిన్న సంగతియే నేటి నా ప్రసంగమునకు మూలము. అయితే నేను చెప్పబోవు కాపరి మనుష్యుడు కాడు. రాడార్ అను యంత్రము.

రాడార్ మాట వచ్చినప్పుడు అందరును దాని కంటిని పొగడుదురు. చీకటిలో చూచుననియు, పొగమంచులో చూచుననియు, కనుచూపు మేరకు ఆవల నున్నదానిని పట్టుననియు చెప్పుదురు. అది నిజమే. కాని ఆ కంటిని ఎచ్చట నిలిపిరి, దానికి విద్యుచ్ఛక్తి ఎచ్చటనుండి వచ్చుచున్నది, ఆ శక్తి ఒక రాత్రి రాకపోయినచో ఏమగును అని అడుగువారు అరుదు. మంచెను గూర్చియు, కూడును గూర్చియు అడుగవలసిన ప్రశ్నలివి. కంటికంటె ఇవి తక్కువవి కావని చూపుటయే నా ఉద్దేశము.

మొదట యంత్రము పనిచేయు తీరును రెండు మాటలలో చెప్పెదను. కొండ యెదుట నిలిచి కేక వేసినచో కొంతసేపటికి ప్రతిధ్వని వచ్చును. ఆ ఆలస్యమును లెక్కించి కొండ ఎంత దూరమున నున్నదో చెప్పవచ్చును. రాడార్ కేకకు బదులుగా రేడియో తరంగమును పంపును. ఆ తరంగము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగిడును. పంపిన తరంగము సెకండులో వేయవ వంతు గడచులోపల తిరిగి వచ్చినచో, దానికి తగిలిన వస్తువు 150 కిలోమీటర్ల దూరమున నున్నదన్నమాట. ఇంతకుమించి దానిలో మంత్రమేదియు లేదు.

రేడియో శ్రోతలకు ఒక విషయము ముచ్చటగా తోచవచ్చును. బ్రిటనులో ఈ విద్యకు పేరుపొందిన తొలి పరీక్ష జరిగినది యుద్ధ యంత్రముతో కాదు, రేడియో ప్రసార కేంద్రముతో. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలోని బి.బి.సి. హ్రస్వతరంగ కేంద్రమునుండి వెలువడుచున్న తరంగములనే వాడుకొనిరి. హేఫర్డ్ అను బాంబు విమానమును ఆ ప్రాంతమున ఎగురనిచ్చి, కొన్ని మైళ్ళ దూరమున ఒక పొలములో వ్యానునందు గ్రాహక యంత్రము నుంచుకొని, రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నల్డ్ విల్కిన్స్ అను శాస్త్రజ్ఞులు కనిపెట్టియుండిరి. విమానమును తాకి వచ్చిన తరంగము యంత్రములోని ఆకుపచ్చని గుర్తును కదలించెను. సుమారు 13 కిలోమీటర్ల దూరము వరకు ఆ విమానము జాడ తెలిసెను.

విద్య సిద్ధించినది. ఇక దానిని నిలుపుట, పోషించుట అను బరువు పనులు మిగిలెను. 1937లో తొలి కేంద్రము బాడ్సీ యందు పనికి సిద్ధమాయెను. 1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చునాటికి బ్రిటను తూర్పు, దక్షిణ తీరముల వెంబడి సుమారు ఇరువది కేంద్రములు గొలుసుకట్టుగా వెలసెను. ఆ గొలుసునకే చెయిన్ హోమ్ అని పేరు.

ఆ కేంద్రములలో తరంగములను పంపు గోపురములను ఉక్కుతో 360 అడుగుల ఎత్తున కట్టిరి. ప్రతిధ్వనిని అందుకొను గోపురములను మాత్రము కొయ్యతో 240 అడుగుల ఎత్తున కట్టిరి. ధనము చాలక కొయ్యను ఎంచుకొనలేదు. లోహము దగ్గర నున్నచో వచ్చుచున్న బలహీనమైన తరంగము చెదరి, దిక్కు తప్పుగా తోచును. అందుచేత మేకు మొదలు దూలము వరకు ఆలోచించి అమర్చవలసి వచ్చెను.

స్థలమును ఎన్నుకొనుట మరింత చిక్కు. ఎదుట సముద్రము వరకు నేల నునుపుగా జారవలెను. వెనుకను ప్రక్కలను ఉన్న కొండలు దొంగ ప్రతిధ్వనులు పుట్టింపరాదు. బరువైన సామాను చేరుటకు దారి యుండవలెను. విద్యుత్తు తీగ అందుబాటులో నుండవలెను. నేల ఆ గోపురముల బరువును మోయవలెను. ఇన్నియు ఒకచోట కుదురుట కష్టము. ఒకటి కుదిరిన మరియొకటి చెడును. మంచి ఇంజనీరు అన్నియు కుదిరిన చోటును వెదకుచు కూర్చుండడు. ఏ లోపమును సహింపవచ్చునో, దేనిని సహింపరాదో విచారించి నిర్ణయించును.

గోపురము నిలిచినంతమాత్రమున పని ముగియలేదు. ప్రతి స్థలమునకును తన స్వభావమొకటి యుండును. ఒక దిక్కున రాడార్ కొంచెము ఎడమకు తప్పు చూపును. మరియొక దిక్కున కొంచెము కుడికి. అందుచేత ఆటోజైరో అను నెమ్మదిగా ఎగురు విమానమును తెలిసిన చోట్లమీద త్రిప్పి, రాడార్ చెప్పినదానిని నిజముతో పోల్చి, తప్పుల పట్టిక తయారుచేసిరి. తెలిసినదానిని సరిగా చూపనిదే, తెలియనిదానిని చూపినప్పుడు యంత్రమును నమ్మరాదు. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీని యొద్దకు వచ్చెదను.

ఇక కూడు సంగతి. ఈ కేంద్రములు తొలినాళ్ళలోనే సుమారు 350 కిలోవాట్ల బలముతో తరంగములను వదలెను. ఆ అంకె విన్నవారు పెద్ద విద్యుత్కేంద్రమే కావలెనని భయపడుదురు. కాని ఆ బలము ఎడతెగక ప్రవహించునది కాదు. సెకండునకు ఇరువదియైదు మారులు మాత్రమే, ప్రతిమారును సెకండులో లక్షవవంతుకు రెండింతలంత కాలము మాత్రమే వెలువడినదనుకొందము. అప్పుడు సగటున వెలుపలికి పోవునది 175 వాట్లు మాత్రమే. అనగా రెండు మూడు పెద్ద విద్యుద్దీపములకు సరిపడునంత. చెరువులో నీటిని నింపి, తూమును ఒక్క క్షణము తెరచి మూసినట్టే యిది. ధార భీకరము, మొత్తము స్వల్పము.

అయినను కేంద్రము వాడుకొను విద్యుత్తు అంత స్వల్పము కాదు. వాల్వులను వేడిగా నుంచవలెను, యంత్రములను చల్లబరచవలెను, గ్రాహకములు, దీపములు, టెలిఫోనులు నడువవలెను. అప్పటి పెద్ద ప్రసారిణులలోని కొన్ని వాల్వులు శాశ్వతముగా మూసినవి కావు. వానిలోని గాలిని పంపులు ఎల్లవేళల తోడుచుండవలెను. కరెంటు పోయినచో తరంగము ఆగుటయే కాదు, పంపులును ఆగును. కరెంటు తిరిగి వచ్చిన వెంటనే కన్ను తెరచుకొనదు. మరల గాలి తోడి, వేడిచేసి, సరిచూచుకొనవలెను. అర నిమిషపు అంతరాయము కొన్ని నిమిషముల గ్రుడ్డితనమగును.

విద్యుత్తుతో ఆ గొలుసునకు మరియొక బంధము కూడ కలదు. అన్ని కేంద్రములును ఇష్టము వచ్చినప్పుడు కేకలు వేసినచో, ఒకరి కేక మరియొకరికి ప్రతిధ్వనివలె తోచును. కాన దేశమంతట అల్లుకొనియున్న విద్యుత్ గ్రిడ్డు యొక్క యాబది ఆవృత్తుల లయను తాళముగా తీసుకొని, ఒక్కొక్క కేంద్రమునకు ఒక్కొక్క సమయమును కేటాయించిరి. భజన గోష్ఠిలో అందరును ఒకే తాళమునకు కట్టుబడినట్లు, అన్ని రాడార్లును ఒకే విద్యుత్తు లయకు కట్టుబడెను. కూడు పెట్టు చేయియే తాళమును వేయుచుండెను.

ఇంత శ్రమతో నిలిపిన గొలుసునకు 1940 ఆగస్టులో పరీక్ష వచ్చెను. ఆగస్టు 12న జర్మను విమానములు డోవర్, రై, పెవెన్సీ, డంకర్క్ అను పేరుగల కెంట్ గ్రామము, వెంట్నర్ అను చోట్లనున్న కేంద్రములపై బాంబులు వేసెను. గోపురములు కూలలేదు. కమ్ముల అల్లికలో సందులు ఎక్కువ గనుక ప్రేలుడు గాలి వానినుండి దాటిపోయెను. కాని క్రిందనున్న పాకలు, తీగలు దెబ్బతినెను. పెవెన్సీలో విద్యుత్తు తీగ తెగినది. మూడు దినముల తరువాత రై, డోవర్, ఫోర్‌నెస్ కేంద్రములు కొంతసేపు మూగవోయెను. కారణము గోపురములు కూలుట కాదు. ఎచ్చటనో దూరమున విద్యుత్ మార్గము తెగుట. మంచె నిలిచియే యున్నది. కాపరికి కూడు రాలేదు.

అయినను పెక్కు కేంద్రములు కొద్ది గంటలలో తిరిగి పనిచేసెను. మరియొక మార్గమున విద్యుత్తు అమర్చుటకు, విరిగినదానిని అతుకుటకు ముందే సిద్ధపడి యుండుటయే అందుకు కారణము. వెంట్నర్ మాత్రము ఘోరముగా దెబ్బతినెను. మంటలార్పుటకు నీరు కూడ చాలలేదు. నాలుగు దినములకు మరల బాంబులు పడెను. ఆ నెల 23వ తేదీ నాటికి దాపుననే బండ్లమీద నడుచు రాడార్‌ను నిలిపి ఆ ఖాళీని పూరించిరి.

ఈ నడుమ వెంట్నర్ విషయమున జరిగిన చిత్రము మనకు గొప్ప పాఠము. కేంద్రము పనిచేయుట లేదని శత్రువునకు తెలియకుండుటకై, మరియొక ప్రసారిణినుండి అటువంటి తరంగములనే వెలువరించిరి. ఆ ప్రసారిణికి ప్రతిధ్వనిని వినగల చెవి లేదు. దూరమునుండి వినువానికి కాపరి కేకలు వేయుచున్నట్లే యుండెను. మంచెమీద మాత్రము ఎవరును లేరు. దాడికి గురియైన కేంద్రములలో ఒకటియైనను పనిచేయకుండ పోలేదు గదా, ఇక ఈ దాడులవలన ప్రయోజనమేమి అని జర్మను వైమానిక దళాధిపతి గోరింగ్ ఆగస్టు 15న సందేహించెను. శత్రువు మోసపోవుట బ్రిటనునకు మేలే చేసెను. కాని అదే విధముగా మన యంత్రము మనలనే మోసగించినచో ఏమి గతి?

ఇది ఊహ కాదు. రాడార్ తెరమీద ఏమియు కనబడలేదనగా రెండర్థములు గలవు. ఎదుట ఎవరును లేరనుట ఒకటి. యంత్రము చూచుట లేదనుట రెండవది. తెర రెండు వేళలను ఒకే విధముగా ప్రశాంతముగా నుండును. పూర్తిగా కరెంటు పోయిన దీపమారును, అందరికిని తెలియును. కాని కరెంటు బలము కొంచెము తగ్గినప్పుడు దీపము వెలుగుచునే యుండును, యంత్రము గుయ్యిమనుచునే యుండును, చూపు మాత్రము సగమగును. కాపలాకు ఇంతకంటె అపాయము లేదు.

నేడు సైన్యములు సరిహద్దులందును, కాపలావారు ముఖ్యమైన కట్టడముల చుట్టును నిలుపు చిన్న భూనిఘా రాడార్లకు ఈ మాట మరింతగా వర్తించును. వీనిని కొందరు మనుష్యులు మోసికొనిపోయి ముక్కాలి పీటమీద నిలుపగలరు. ఇవి ఆకాశమును గాక నేలను కాచును. చెట్లు, రాళ్ళు, గోడలు అన్నియు ప్రతిధ్వని నిచ్చును గనుక, వానిలో కదలువానిని మాత్రమే ఏరుకొనవలెను. కదలుచున్న వస్తువును తాకిన తరంగము యొక్క ఆవృత్తి కొంచెము మారును. రైలు దగ్గరకు వచ్చునప్పుడును, దాటిపోవునప్పుడును ఈల స్వరము మారినట్లు. మూడు సెంటీమీటర్ల తరంగమును వాడు రాడార్ వైపునకు మనుష్యుడు సెకండునకు ఒకటిన్నర మీటర్ల వడితో నడచి వచ్చినచో, ఆ మార్పు సెకండునకు నూరు ఆవృత్తులగును. అది మన చెవికి వినబడు స్వరమే! అందుచేత కాపలావాడు చెవులకు ఫోనులు తగిలించుకొని, నడకను, పరుగును, బండి చక్రమును గుర్తుపట్టుట నేర్చుకొనెను.

ఇట్టి రాడార్‌ను నిలుపువాడు చేయు మొదటి పొరపాటు, చూపు చాలనప్పుడు ఎక్కువ శక్తి గల యంత్రమును కోరుట. ప్రకృతి నియమము ఇందుకు ఒప్పుకొనదు. తరంగము పోవునప్పుడు పలుచనగును, తిరిగి వచ్చునప్పుడు మరల పలుచనగును. కాబట్టి చూపుమేర రెండింతలు కావలెనన్నచో శక్తిని పదునారింతలు చేయవలెను. దానికి బదులు మంచెను ఎత్తుచేసినచో చౌకగా ఫలము దక్కును. మీటర్లలో ఎత్తు యొక్క వర్గమూలమును నాలుగుతో హెచ్చించినచో చదును నేలమీద క్షితిజ దూరము కిలోమీటర్లలో ఇంచుమించుగా వచ్చును. నాలుగు మీటర్ల ఎత్తునుండి ఎనిమిది కిలోమీటర్లు. తొమ్మిది మీటర్లనుండి పండ్రెండు. అయితే నేల నిజముగా చదునుగా నుండదు. ఒక చిన్న మిట్ట వెనుక వాగు పారుచుండును. ఆ వాగులో నడచువాడు ఎంత గొప్ప రాడార్‌కును కనబడడు. కనుక స్థలమును పటముమీద కాక, కాలినడకను చూడవలెను. స్తంభము గాలికి ఊగరాదు. స్తంభమే ఊగినచో రాళ్ళన్నియు కదలుచున్నట్లు తోచును.

రెండవ పొరపాటు, బాటరీ లెక్కను పట్టపగలు, క్రొత్త బాటరీతో వేయుట. ఒక చిన్న యంత్రము 60 వాట్లు తీసుకొనుననుకొందము. పండ్రెండు గంటల రాత్రికి 720 వాట్-గంటలు కావలెను. 24 వోల్టుల బాటరీ అయినచో అది 30 ఆంపియర్-గంటలు. అంతే కొనినవాడు తెల్లవారుజామున చింతించును. సీసపు బాటరీని సగమునకు మించి పిండుచుండిన త్వరలో చెడిపోవును గనుక 60 కావలెను. హిమాలయముల చలిలో దాని సత్తువ మరింత తగ్గును. కావున ఇంకను అధికముగా నుంచవలెను. కాపలా మిక్కిలి అవసరమైనది చలి హెచ్చుగా నుండు తెల్లవారుజామున. బాటరీ మిక్కిలి నీరసించునదియు అప్పుడే.

మూడవది తీగ. జనరేటరు చప్పుడును పొగయు కాపలా చోటును పట్టియిచ్చును గనుక దానిని దూరముగా నుంచవలెను. దూరమైనకొలది తీగలో వోల్టు తగ్గును. అదే 60 వాట్లను 12 వోల్టులతో పంపినచో ఐదు ఆంపియర్లు పారును. 24 వోల్టులతో పంపినచో రెండున్నర. ప్రవాహము సగమైనచో అదే తీగలో వృథా నాలుగవ వంతగును. లావైన తీగ, ఎక్కువ వోల్టు, గట్టి అతుకులు, మంచి ఎర్తు, పిడుగునుండి రక్షణ: వీనికి వార్తాపత్రికలలో పేరు రాదు. కాని రాత్రి రెండు గంటలకు కాపలా నిలుచునది వీనిమీదనే.

ఇన్ని చేసినను, తెర ప్రశాంతముగా నున్నప్పుడు అది నిజమైన శాంతియా, యంత్రపు నిద్రయా అని ఎట్లు తెలియును? ఇందుకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. ఆటోజైరో మాటను జ్ఞాపకము చేసికొనుడు. ప్రతి సాయంకాలము చీకటిపడు వేళ మనవాడొకడు తెలిసిన దారిని, తెలిసిన దూరమున నడచి రావలెను. రాడార్ వానిని పట్టవలెను. నిన్న పట్టిన చోటనే నేడును పట్టినచో మేలు. వంద అడుగులు దగ్గరకు వచ్చిన పిమ్మట పట్టినచో, బాటరీయో, అతుకో, క్రొత్తగా పెరిగిన పొదయో కారణము. వెంటనే వెదకవలెను. అర్ధరాత్రి మరియొకసారి నడచుట ఇంకను మంచిది. అప్పటికి బాటరీ సగము ఖర్చైయుండును. కాపరికి కాపలా కాయుట యనగా ఇదే.

మన తీరమునకును ఈ పాఠము క్రొత్త కాదు. శత్రువునకు బదులు తుపానును కాచుటకు విశాఖపట్నమున 1970లో రాడార్ నెలకొల్పబడెను. తరువాతి కాలమున అచ్చటను, మచిలీపట్నమునను క్రొత్త తరము రాడార్లు వచ్చెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకినప్పుడు, అచ్చటి రాడార్ ఆ గాలికే దెబ్బతిని మూగవోయెను. అంతవరకు అది చూచి చెప్పిన సమాచారము ఎందరి ప్రాణములనో కాపాడుటకు తోడ్పడెను. అది పోయిన గడియ తుపాను నెత్తిమీద నున్న గడియయే. ఏ ఆపదను చూచుటకు కంటిని నిలిపితిమో ఆ ఆపదయే ముందుగా ఆ కంటిమీదికి వచ్చునని దీనివలన తెలియుచున్నది. ఒక్క కంటిని నమ్ముకొనరాదు. ప్రక్క కేంద్రపు చూపు ఈ కేంద్రపు చూపుతో కొంత కలియునట్లు గొలుసును అల్లవలెను.

1940 ఆగస్టు 18న పోలింగ్ కేంద్రముమీద బాంబులు కురియుచుండగా, ఎవిస్ హెర్న్ అను కార్పొరల్ తన స్థానమును వదలక, ప్రక్క కేంద్రమునుండి వచ్చుచున్న వార్తలను టెలిఫోనులో అందించుచునే యుండెను. ఆమెకు మిలిటరీ మెడల్ లభించినది, అది న్యాయము. ఆమె ధైర్యము ఫలించుటకు మరియొక కారణము కలదు. ఆ క్షణమున ఆ టెలిఫోను తీగ తెగలేదు. ఎన్నడో, ఎవడో పేరు తెలియని పనివాడు దానిని గట్టిగా వేసియుండెను.

కావున శ్రోతలారా, రాడార్ అద్భుతమని విన్నప్పుడు దాని కంటిని మెచ్చుకొనుడు. కాని దాని కాళ్ళయొద్ద మోకరిల్లి అతుకులను సరిచూచువానిని, చీకటిపడు వేళ ఆ దారిన ఒంటరిగా నడచి వచ్చువానిని కూడ ఒక్కసారి తలచుకొనుడు. మంచెను నిలిపి, కూడు పెట్టి, మేలుకొని యున్నాడో లేదో పలుకరించి చూచుట వారి పని. అది జరిగిన రాత్రియే తక్కినవారికి నిశ్చింతగా నిద్రపట్టు రాత్రి.